నల్లతల పరిగె

నీటి పరీక్షల ల్యాబులో అతని పని పరిగెలను పెంచడం. ఫ్యాక్టరీలు ఏట్లోకి వదిలే నీళ్ళు మంచివో కావో ఆ వేలెడంత చేపల పిల్లలే తేల్చాలి. గది పొడవునా గాజు తొట్లు. ప్రతి తొట్టిలోనూ సగానికి కోసి బోర్లించిన మట్టిగొట్టం ముక్క ఒకటి. ఆడచేప దాని లోకప్పుకు గుడ్లు అంటించి తన దారిన తాను పోతుంది. ఆ తర్వాత బరువంతా మగచేపదే. ఆ రోజుల్లో దాని తల నల్లబడుతుంది, మూతి మీద మొటిమలు లేస్తాయి, తల వెనక మెత్తటి దిండులాంటిది పెరుగుతుంది. దానితో గుడ్లను తుడుస్తూ, చచ్చినవాటిని ఏరేస్తూ, పిల్లలు బయటపడేదాకా కాపలా కాస్తుంది.

ఆ సాయంత్రం, బడి బస్సు నడిపే ఆవిడ కూతుర్ని వెంటబెట్టుకుని ల్యాబుకు వచ్చింది. అతనూ ఆవిడా పెళ్ళి చేసుకోవాలని ఎప్పుడో అనుకున్నారు. తేదీ చెప్పవలసింది అతనే. వాయిదా వేస్తూ వస్తున్నాడు. బుడంకాయ అని తాను పిలుచుకునే ఆ పిల్ల చెప్పు పట్టీ బిగించేటప్పుడు కూడా, తల్లి చూస్తోందా అని అతని కన్ను అటు పోయేది. చూస్తోందంటే పట్టీని మరింత జాగ్రత్తగా బిగించేవాడు. ఆ జాగ్రత్త పిల్ల కోసమా, తల్లి మెప్పు కోసమా? ఆ అనుమానం పంటికింద రాయిలా ఉండిపోయింది.

బుడంకాయ తొట్టికి ముక్కు ఆనించింది. "చేపలంకుల్, ఈ నల్లతలాయన లోపలి గుడ్లకి నాన్నా?"

"కాదమ్మలూ. వాటి నాన్నని ఈయన తరిమేసి ఇల్లు లాక్కున్నాడు."

"అయ్యో! మరి గుడ్లు?"

"కొన్ని తినేశాడు."

"ఛీ!"

"మిగతావి తుడుస్తున్నాడుగా, చూడు."

"ఈయనవి కావుగా? మరెందుకూ?"

ఏదో ఒక తియ్యటి మాట చెప్పి ఊరుకోవచ్చు. చెప్పలేకపోయాడు. "గుడ్లున్న ఇల్లయితేనే ఆడచేపలు ఇష్టంగా వస్తాయి. వాటి మెప్పు కోసం."

పిల్ల పక్క తొట్టి దగ్గరికి పరుగెత్తింది. అతను తల్లితో గొంతు తగ్గించి అన్నాడు: "నాకూ అదే భయమండీ. మీ మెప్పు కోసమే దాన్ని ముద్దు చేస్తున్నానేమో."

ఆవిడ పగలబడి నవ్వింది. "ఇన్నాళ్ళూ నాన్చింది ఇందుకా! ఇంకెవరైనా ఉన్నారేమోనని నేను కుమిలి చస్తున్నా. నా పిల్లని తినకండి, అది చాలు."

"నవ్వులాట కాదండీ."

"సరే, కాదు." సంచీలోంచి పేలదువ్వెన తీసి అతని చేతిలో పెట్టింది. "బస్సులో ఎవరో దీనికి పేలు అంటించారు. నాకింకో ట్రిప్పుంది. మీరు చూడండి. మెచ్చుకోవడానికి నేనుండను."

నిజంగానే వెళ్ళిపోయింది.

అతను బుడంకాయను దీపం కింద స్టూలు మీద కూర్చోబెట్టాడు.

"అబ్బా! నీకు చేతకాదు."

"నువ్వు కదిలితే ఎవరికీ చేతకాదు."

"దొరికిందా? చూపించు! అయ్యో, చంపకు, నాన్న పేనేమో!"

"నాన్నో మామో, ముందు దీని సంగతి చూడనీ."

పేలు పోయినా ఈపులు వెంట్రుకలను వదలడం లేదు. ఒక్కో పాయా విడదీసి, గోళ్ళతో కుదుళ్ళ నుంచి కొసదాకా లాగాడు. చెవి వెనక పిల్ల గోకి గోకి చేసుకున్న పుండు కనిపించింది. అక్కడ దువ్వెన పక్కన పెట్టి వేళ్ళతోనే తీశాడు. పిల్ల తిట్టడం ఆపి జోగింది, మెడ అతని అరచేతిలోకి వాలింది. ఆ బరువును అలాగే పట్టుకుని రెండో చేత్తో పని సాగించాడు.

ఎవరో వచ్చి దీపం ముందు నిలబడ్డారు. జుట్టు మీద నీడ పడింది.

"పక్కకి జరగండి, ఏమీ కనపడటం లేదు," అని విసుక్కున్నాడు తలెత్తకుండానే.

ఆవిడ జరిగింది. పక్కనే నిలబడి అతని వేళ్ళనే చూసింది.

"తేదీ నేనే పెట్టేస్తున్నా," అంది.

"పెట్టండి. ముందు ఇంకో దువ్వెన కొనండి. దీనికి పళ్ళు ఊడాయి."