ఓరిన్ బండికి మూడో చక్రం

మా ఆయన ఓరిన్ పోయిన నెల తిరక్కుండానే కాయ్ పర్డమ్ తన ట్రెయిలర్ వేసుకుని మా వాకిట్లోకి వచ్చాడు. షెడ్డులో ఉన్న ఓరిన్ మోటారుసైకిలు పొడవెంతో టేపు పెట్టి చూసుకుంటానన్నాడు.

"ఎందుకు?" అన్నాను.

"సెప్టెంబరులో పేర్ల రోజుకి తీసుకెళ్లొద్దా?"

"ఓరిన్ బండి ట్రెయిలర్ ఎక్కదు."

"మరి ఎవరు నడుపుతారు వెర్లా? నువ్వా?" అని పగలబడి నవ్వాడు. మంచివాడే, కానీ ఆ నవ్వు నాకు చాలా రోజులు చెవుల్లో ఉండిపోయింది.

మా కొండల్లో దూరాలు తిరిగే పెద్ద మోటారుసైకిళ్లవాళ్ల క్లబ్బు ఒకటుంది; ఓరిన్, కాయ్ అందులోవాళ్లే. ఏటా సెప్టెంబరు మొదటి శనివారం, ఆ ఏడాది పోయినవాళ్ల బండ్లని మైదానంలో వరసగా నిలబెట్టి ఒక్కొక్కరి పేరు పిలుస్తారు. పేరు పిలవగానే ఆ బండి ఇంజను ఒకసారి మోగాలి. అదే జవాబు. ఇంటివాళ్లో, ఎప్పుడూ పక్కనే బండి నడిపిన జతగాడో నడుపుకుంటూ తెచ్చిన బండికి ముందు వరస. ట్రెయిలర్ మీద వచ్చినదానికి వెనక వరస. ఎవరూ రాసిపెట్టలేదు గానీ అందరికీ తెలుసు. ట్రెయిలర్ మీద బండి తెచ్చేవాళ్లని ఓరిన్ ఊరుకునేవాడు కాదు. "పాపం, దానికి కాళ్లనొప్పులా?" అని అడిగేవాడు. అలాంటిది ఆయన బండినే తాళ్లతో కట్టి మోసుకెళ్లడమంటే నాకు ప్రాణం ఒప్పలేదు.

జతగాడు లోనీ స్టీగల్. ముప్పై ఏళ్లు ఓరిన్ పక్కనే నడిపాడు. కానీ రెండేళ్ల కిందట తుంటి ఆపరేషన్ అయ్యాక తన బండి అమ్మేశాడు. ఆగినచోట నాలుగు వందల కిలోల బరువుని ఒంటికాలి మీద ఆపలేడు. మూడు చక్రాలైతే కాలు ఆన్చాల్సిన పని లేదు. అందుకని నేను రెండు దూడల్ని ఇచ్చి, పక్క జిల్లాలో ఒకావిడ దగ్గర బండిని మూడు చక్రాలకి మార్చే సామాను, పెట్టె కూడా విప్పనిది, తెచ్చుకున్నాను. వెనక ఇరుసు, రెండు చక్రాలు, వాటి మీద కప్పే డొప్పలు, అరవై ఎనిమిది పేజీల పుస్తకం.

లోనీ పెట్టెలోకి తొంగిచూసి మొహం చిట్లించాడు. "ముసలమ్మలు కూరగాయలకి తోసుకెళ్లే బండిలా చేస్తావా దాన్ని?"

"ముసలమ్మనే కదా. తోసుకెళ్లను, నువ్వు నడుపుతావు, నేను వెనక కూర్చుంటా. పానా అందుకో."

జూలై ఎండ. రేకుల షెడ్డు. బండిని జాకీల మీద లేపి, వెనక చక్రం, దాన్ని పట్టుకునే ఇనప చేతులు విప్పి పక్కన పెట్టాం. చక్రం లేని బండి, కూర్చోబెట్టిన గొడ్డులా కనిపించింది. నేను కాసేపు బయటికి వెళ్లి నిలబడ్డాను. తిరిగొచ్చేసరికి లోనీ ఇరుసు ఎక్కించి బోల్టులు బిగించేస్తున్నాడు.

"పుస్తకంలో ఏముందో చూడనివ్వు," అన్నాను.

"నట్టు బిగించడానికి పుస్తకమేంటి? చెయ్యే చెబుతుంది."

"నీ చెయ్యి పోయినేడు నా గడ్డి మిషను బిగించింది. బ్లేడు ఎగిరి కోళ్లగూట్లో పడింది."

నేను అక్షరాలు నేర్చుకున్నది అరవై రెండో ఏట, మా ఊరి లైబ్రరీలో మిస్ ఆర్డిత్ దగ్గర. మొదలుపెట్టి చివరిదాకా చదివిన పుస్తకం ఇదే. ఒక్కో వాక్యం కింద వేలు పెట్టుకుని పైకే చదివాను. పంతొమ్మిదో పేజీలో దొరికింది. "బోల్టులన్నీ వదులుగా ఎక్కించండి. బండిని నేల మీదికి దించి, బరువు చక్రాల మీద పడ్డాకే బిగించండి."

"ఎన్ని బిగించావు?"

"అన్నీ."

"విప్పు."

లోనీ పొగాకు ఉమ్మి, తనలో తను ఏదో అనుకుంటూ ఎనిమిదీ విప్పాడు. ముందు చక్రం నడిమి నుంచి వెనక ఒక్కో చక్రానికీ దారం లాగి కొలిచాం. ఎడమవైపు అర అంగుళం ఎక్కువొచ్చింది. జరిపాం. ఈసారి కుడివైపు ఎక్కువొచ్చింది. నాలుగోసారి సరిపోయింది. అప్పటికి చల్లటి టీ జగ్గు ఖాళీ అయింది, లోనీ కూడా "పేజీ ఎంత?" అని తనే అడగడం మొదలుపెట్టాడు.

ఆగస్టు రెండో వారానికి బండి మూడు కాళ్ల మీద నిలబడింది. చివరి పేజీలో నల్లటి గీతల మధ్య ఒక హెచ్చరిక ఉంది. చదివి వినిపించాను. "రెండు చక్రాల బండి అలవాటున్నవాళ్లు జాగ్రత్త. ఆపినప్పుడు కాలు కింద పెట్టకండి. వెనక చక్రం మడమ మీదికి ఎక్కుతుంది."

"నలభై ఏళ్లుగా నడుపుతున్నా. నాకే చెబుతోందా?"

"నీకే. అలవాటున్నవాళ్లకి అని రాసుంది."

వాకిలి దాటి మట్టిరోడ్డు ఎక్కాడు. మొదటి మలుపులో అలవాటు కొద్దీ కుడిపక్కకి ఒరిగి, కుడి హ్యాండిల్ ముందుకి నెట్టాడు. రెండు చక్రాల మీద అలా నెడితే బండి కుడికి వాలి తిరుగుతుంది. ఇది వాలే రకం కాదు, హ్యాండిల్ ఎటు తిరిగితే అటే పోతుంది. తిన్నగా ఎడమ పక్క గడ్డిలోకి దిగింది. బూతులు తిట్టుకుంటూ బయటికి తీసి, నా ముందుకొచ్చి ఆపబోయాడు. ఇంకా పూర్తిగా ఆగకముందే, నేను అరుస్తుండగానే, కుడికాలు కిందికి దిగింది. చక్రం బూటు మీదుగా వెళ్లింది.

పాదంలో రెండు ఎముకలు. ఆరు వారాలు కట్టు. పేర్ల రోజుకి మిగిలింది మూడు వారాలు.

సాయంత్రం కాయ్ ఫోన్ చేశాడు. "వెర్లా, ట్రెయిలర్ ఖాళీగానే ఉంది. మొండిపట్టు వద్దు."

"ఖాళీగానే ఉండనీ," అని పెట్టేశాను. పెట్టేశాక వంటగదిలో చాలాసేపు కూర్చున్నాను. ముప్పై ఏళ్లు ఓరిన్ భుజం వెనక నుంచి రోడ్డు చూశాను. ముందు అద్దాల్లో ఏం కనిపిస్తుందో కూడా నాకు తెలియదు.

మర్నాడు గడ్డి కోసిన పొలంలోకి బండి తీశాను. లోనీ కట్టు కాలు చాపుకుని, బోర్లించిన దాణా బకెట్టు మీద కూర్చుని అరుస్తున్నాడు. "వాలు! మలుపులో వాలు!"

"వాలితే నీలాగే గడ్డిలోకి పోతా. నోరు మూసుకో!"

పన్నెండో ఏట నుంచి ట్రాక్టరు నడిపినదాన్ని. ఎటు పోవాలో అటు తిప్పాను. అటే పోయింది. కాలు కింద పెట్టే అలవాటు నాకు ఎన్నడూ లేదు, మానుకోవాల్సిన పనీ లేదు. లోనీ అరవడం ఆపేసి టోపీ తీసి తల గోక్కున్నాడు.

అలాగని తేలిగ్గా రాలేదు. కాలితో గేరు మార్చేటప్పుడు క్లచ్చి ఒక్కసారిగా వదిలితే బండి గుర్రంలా ఎగిరి ఆగిపోయేది. మొదటిరోజు పదకొండుసార్లు ఆగింది. నాలుగోరోజు రెండుసార్లు. తారురోడ్డు ఎక్కినప్పుడు లారీ ఒకటి పక్క నుంచి పోతే, ఇంటికొచ్చి చీకటిపడేదాకా పిండి పిసికాను. లైసెన్సు పరీక్షలో, వెనకటికి కారు కోసం ఎవరో చదివి వినిపించిన ప్రశ్నల్ని ఈసారి నేనే చదువుకుని రాశాను. నడిపే పరీక్ష మాత్రం తప్పాను. ఏటవాలులో ఆపి, పార్కింగు బ్రేకు వెయ్యడం మరిచాను. బండి మెల్లగా ఆఫీసరు కారు వైపు నడిచింది. గురువారం మళ్లీ వెళ్లాను. మూడు చక్రాల వరకే అని ముద్ర వేసి ఇచ్చారు. అంతకన్నా నాకేం కావాలి?

శనివారం పొద్దున్నే బయల్దేరాం. వెనక నా సీట్లో లోనీ, అతని ఒళ్లో పీచ్ పండ్లు పెట్టి కాల్చిన తీపి రొట్టె డబ్బా.

"ఇక్కడి నుంచి ఏమీ కనిపించదే!" అన్నాడు మొదటి కొండ దిగుతుంటే.

"నా టోపీ కనిపిస్తుంది. అదే చూసుకో."

అరవై మైళ్లు, అన్నీ మలుపులే. మైదానం గేటు దగ్గర కాయ్ నిలబడి ఉన్నాడు. బండిని చూశాడు, నన్ను చూశాడు, వెనక కూర్చున్న లోనీని చూశాడు. ఈసారి నవ్వలేదు. ముందు వరస వైపు చెయ్యి ఊపాడు.

ఆపాను. బ్రేకు వేశాను. పేర్లు మొదలయ్యాయి. నాలుగోది మాది.

"ఓరిన్ హాస్క్యూ."

బటన్ నొక్కాను. ఏమీ లేదు. మళ్లీ నొక్కాను. లేదు. వెనక నుంచి లోనీ ముందుకి వంగి "వెర్లా..." అన్నాడు.

"ఉండు." పుస్తకం వరసలోనే చూసుకున్నాను. తాళం ఉంది. గేరులో లేదని చెప్పే పచ్చ దీపం ఉంది. ఇంజను ఆపే ఎర్ర మీట. ఆపినప్పుడు అది కూడా కట్టెయ్యమని అరవై ఒకటో పేజీలో ఉంది, నేను కట్టేశాను. దాన్ని తిప్పి బటన్ నొక్కాను.

మోగింది. సీటు కింద నుంచి నాకు బాగా తెలిసిన మోత, కాకపోతే ఈసారి నా చేతుల్లోకి కూడా వచ్చింది.

"చాలు, ఆపు. తర్వాతి పేరు పిలవాలి," అని లోనీ చెవిలో గొణిగాడు.

"పిలుస్తార్లే," అన్నాను. పేర్లు చదివే ఆయన కాగితం కిందికి దించి ఆగాడు. నేను ఇంకాసేపు మోగనిచ్చాను.