పదికి ఎన్ని?

మా ఆయన త్రినాథరావు ఫస్ట్ షిఫ్టుకి వెళ్ళాక, మా అత్తగారు నూకమ్మ లేచేలోగా నాకు అరగంట దొరుకుతుంది. పెరటి గట్టు మీద ఒక్కదాన్నే కూర్చుని టీ తాగుతాను. రోజు మొత్తంలో నాదంటూ ఉన్నది అదే.

జూన్‌లో ఏదో సంస్థ తరఫున మేఘన అనే, తెలుగొచ్చిన హిందీ అమ్మాయి మా ఫ్యాక్టరీ క్వార్టర్లలో సెక్టర్ 4 వీధికి వచ్చి, మీ ఆనందానికి పదికి ఎన్ని మార్కులు వేసుకుంటారని ఇంటింటా అడిగింది. మా అత్తగారికి లోటేమీ లేదు. కానీ బాగున్నామని నోటితో అంటే దిష్టి తగులుతుందని విజయనగరం నుంచి తెచ్చుకున్న నమ్మకం. రెండు వేయించింది. పక్క క్వార్టర్ హైమవతి ఒకటే వేయించిందని తెలిసి, మేఘనని వీధి చివరి నుంచి వెనక్కి పిలిపించి సున్నా చేయించింది. అత్తగారి కంటే ఎక్కువ ఆనందపడే ధైర్యం లేక నేనూ సున్నాయే అన్నాను. ఊరు హిందీవాళ్ళదైనా వీధంతా మా వైపువాళ్ళే, అందరిదీ ఇదే తంతు.

అందరికంటే దుఃఖితులం మేమేనని తేలింది. మా బాధ పోగొట్టడానికి నవ్వుల క్లాసు పెట్టారు. తెల్లవారుజామున అయిదున్నరకి, మా పెరటి గోడ అవతల, మైకుతో. ఎవరూ వెళ్ళలేదు. మాస్టారు ఒక్కడే గంటసేపు నవ్వేవాడు. ఆ గోలకి అత్తగారు లేచి వచ్చి నా పక్కన కూర్చుని, మోకాళ్ళ నొప్పుల దగ్గర మొదలుపెట్టేది.

ఆగస్టులో మేఘన మళ్ళీ వస్తోందనగానే ఇల్లిల్లూ తిరిగి పది చెప్పమని బతిమాలాను. ఒప్పుకోనిది మా అత్తగారే. చివరికి, ఆవిడ పది అంటుంటే నేను వెనక నిలబడి ఉప్పూ మిరపకాయలూ తిప్పేలా ఒప్పందం కుదిరింది. అవి నిప్పుల్లో పడగానే మేఘనకి దగ్గు తెర వచ్చింది. కళ్ళు తుడుచుకుంటూనే పది రాసుకుంది.

వీధి మొత్తానికి పదికి పది. క్లాసు అంత బాగా పనిచేసిందని సాయంత్రం కూడా ఒకటి పెట్టారు, సరిగ్గా అత్తగారి సీరియల్ వేళకి.

అక్టోబరులో మేఘన మూడోసారి వస్తే అత్తగారే గుమ్మంలో ఆపింది.

"పాపా, ఏటి చెప్తే మీరు మరింక రారో, అదే రాసెయ్."

"అలాంటి కాలమ్ లేదు దాదీ."

"మరి ఏటున్నాయి నీ కాలమ్స్‌లో?"

మేఘన కాగితం కింది వరకూ వేలితో వెతికింది. "ఇల్లు తాళం అని ఒకటుంది."

అత్తగారు ఆ పిల్లని లోపలికి లాగి తలుపు వేసింది. టీ పెట్టాను. సాయంత్రానికి ఆ కాగితం మీద వీధిలో ముప్పై రెండు ఇళ్ళూ తాళాలే. మనుషులే లేనిచోట నవ్వులెందుకని వారంలో మైకు విప్పేశారు.

ఇప్పుడు మళ్ళీ రోజూ అయిదున్నరకి గట్టు మీద టీ తాగుతున్నాను. లెక్క ప్రకారం ఇంట్లో ఎవరూ లేరు.