లివర్ వేసే ముందు

నా మిషన్ దగ్గర పనిచేసేవాళ్లకు నేను పెట్టిన నియమం ఒక్కటే. ట్రాక్టర్ స్టార్ట్ చేశాక, పీటీఓ లివర్ వేసే ముందు, అక్కడున్న ప్రతి మనిషినీ పేరు పెట్టి పిలుస్తాను. వాళ్లు "ఉన్న" అనాలి. తల ఊపితే కుదరదు, చెయ్యెత్తితే కుదరదు, నోటితో చెప్పాలి. అందరి గొంతులూ విన్నాకే లివర్ మీద చెయ్యి వేస్తాను.

ఆ లివర్ సంగతి తెలియనివాళ్లకు చెప్తాను. ట్రాక్టర్ వెనక నుంచి కుట్టీ మిషన్ దాకా మనిషి చెయ్యంత లావున ఇనుప షాఫ్ట్ ఒకటి ఉంటుంది. లివర్ వేయగానే అది తిరుగుతుంది. అది తిరిగితేనే మిషన్‌లో కత్తులు పచ్చి మక్కచొప్పను ముక్కలు చేస్తాయి, ఫ్యాను ఆ ముక్కలను పొడుగు గొట్టంలోంచి ఊది, పచ్చిమేత మాగబెట్టి నిలవ ఉంచే సైలేజ్ గుంతలో పోస్తుంది. నిమిషానికి ఐదువందల నలభై చుట్లు. అంత వేగంలో చూస్తే అది కదలనట్టే కనిపిస్తుంది. నున్నగా, చల్లగా, తాకినా ఏమీ కాదన్నట్టు ఉంటుంది. ఒక్క పోగు తగిలితే చాలు, మనిషిని అరవనివ్వదు.

ఈ పిలుపు వల్ల నాకు మంచి పేరొచ్చింది. యాచారం నుంచి అబ్దుల్లాపూర్‌మెట్ దాకా డెయిరీల వాళ్లు "ఖాసీం మిషనైతే ఫికర్ లేదు" అంటారు. వేరే మిషన్ల వాళ్లకు నన్ను చూపించి బుద్ధి చెప్తారు. ఆ మెప్పు విన్న రోజు నాకు అన్నం సయించదు. ఎందుకంటే పిలవాల్సిన రోజు నేను పిలవలేదు.

నాలుగేళ్ల కిందటి మాట. అప్పుడు నాకు జోడీ నారయ్య. నేను ట్రాక్టర్ మీద, వాడు మిషన్ దగ్గర. పదేళ్లు కలిసి తిరిగాం, ఒకే డబ్బాలో తిన్నాం. సీజన్ నడిమధ్యలో వాడు మూడు రోజులు పనికి రాలేదు. కబురు లేదు, ఫోన్ లేదు. నాకు తిక్క లేచింది. నా కోపం సంగతి మా ఇంట్లో నా భార్య బషీరాను అడిగితే చెప్తుంది, తలుపులు చెప్తాయి.

నాలుగో రోజు యాచారం అవతల ఒక డెయిరీ దగ్గరికి వాడే వచ్చాడు. మెడకు తువ్వాల చుట్టుకొని ఉన్నాడు. నన్ను చూసి నవ్వాడు, ఒక్క మాట అనలేదు. తప్పు చేసినవాడు ముందు వాడే మాట్లాడాలని నేను బిగుసుకున్నాను. వాడూ నోరు విప్పలేదు. ఇంత పొగరా అనుకున్నాను. ఇద్దరం మూగవాళ్లలా పని మొదలుపెట్టాం.

మధ్యాహ్నం మిషన్ నోట్లో చొప్ప ఇరుక్కుంది. షాఫ్ట్ ఆపాను, ఇంజిన్ మాత్రం నడుస్తూనే ఉంది. నారయ్య చొప్ప లాగేసి, షాఫ్ట్ చివర పిన్ను వదులైందేమో చూడటానికి వంగాడు. సీటు మీద నుంచి నాకు కనిపించలేదు. క్లచ్ మీద ఉన్న నా పాదానికి ఇనుములోంచి రెండు దెబ్బలు తగిలాయి. పిన్ను దిగగొట్టేశాడు, పని అయిపోయింది అనుకున్నాను. "అయిందా?" అని అడగాలి. అడిగితే నేనే ముందు మాట్లాడినట్టవుతుంది. ఆ పంతంతో అడగలేదు, వెనక్కి తిరిగి చూడలేదు, లివర్ వేశాను.

తర్వాత ఏమైందో చెప్పను. షాఫ్ట్‌కు చుట్టుకున్న తువ్వాలను కత్తితో కోసి తీయాల్సి వచ్చింది.

అడిగినవాళ్లందరికీ ఒకటే చెప్పాను. 'నారయ్యా, ఎయ్యాల్నా?' అని పిలిచిన. 'అవ్ ఖాసీం, ఎయ్యి' అన్నడు. ఏసిన. పోలీసులు అదే రాసుకున్నారు, ఊరి పెద్దలు అదే విన్నారు. ఇక తప్పంతా తువ్వాల మీదికి పోయింది. ఆ పనికి పోయేవాడి మెడకు తువ్వాల ఎవరు చుట్టారని అడిగితే, నారయ్య భార్య సుక్కమ్మ నేనే అన్నది. మొగుని మెడకు తానే ఉరి కట్టి పంపిందని ఆమె మొహం మీదే అన్నారు. నేను ఆ గుంపులోనే నిలబడి ఉన్నాను, నోరు మెదపలేదు.

ఆ తర్వాతి సీజన్ నుంచి పేర్లు పిలవడం మొదలుపెట్టాను. దెబ్బలూ అప్పుడే మొదలయ్యాయి.

పేర్లన్నీ అయిపోతాయి. అందరూ "ఉన్న" అంటారు. షాఫ్ట్ దగ్గర పిట్ట కూడా ఉండదు. అప్పుడు క్లచ్ మీద నా పాదానికి టక్, టక్ అని రెండు దెబ్బలు తగులుతాయి. పిలవాల్సిన పేరు ఇంకొకటి మిగిలిపోయినట్టు. మొదట షాఫ్ట్ కీలులోని క్రాస్ బేరింగ్ పోయిందనుకున్నాను. ఇబ్రహీంపట్నంలో మెకానిక్ పర్వేజ్ దానిని విప్పి చూసి, "మస్తుగుంది భాయ్, దీనికేం రోగం లేదు" అన్నాడు. అయినా మార్పించాను. దెబ్బలు ఆగలేదు. షాఫ్టే కొత్తది కొన్నాను. దాని చుట్టూ పసుపుపచ్చ ప్లాస్టిక్ గార్డు, గార్డు తిరగకుండా ఒక గొలుసు. కొత్త షాఫ్ట్ తగిలించిన మొదటి రోజే, పేర్లు అయిపోగానే, టక్, టక్. ట్రాక్టర్‌ను తాకని వాళ్లెవరికీ ఆ సంగతి తెలియదు. ఇనుములోంచి నా ఒక్కడి కాలిలోకే వచ్చేది. మనిషి దేనికైనా అలవాటు పడతాడు. ఆ రెండు దెబ్బలూ తగిలాక లివర్ వేయడం అలవాటు చేసుకున్నాను.

సుక్కమ్మ తన ఊరు శేరిగూడ పక్కనే శ్యామలమ్మ డెయిరీలో పనికి కుదిరింది. ఏడాదికి రెండుసార్లు సైలేజ్ వేయడానికి నేను అక్కడికి పోవాలి. పోయినప్పుడల్లా ఆమె పశువుల కొట్టం నుంచి చాయ్ తెచ్చిచ్చి, గ్లాసు ఖాళీ అయ్యేదాకా నిలబడి, ఒక్కటే అడిగేది.

"ఆనాడు ఆయన ఏమన్నడన్నా?"

నేను చెప్పేవాణ్ని. పాపం, మొగుడి ఆఖరి మాట వినాలని ఆశ పడుతోంది అనుకునేవాణ్ని. అందుకని ప్రతిసారీ కొంచెం కలిపేవాణ్ని. ఒకసారి నవ్వుకుంట అన్నడన్నాను. ఇంకోసారి, పొద్దుండంగనే ఇంటికి పోవాలె అని కూడా అన్నడన్నాను. ఆమె నా కళ్లలోకి చూసేది కాదు, నా నోటినే చూసేది. విని, గ్లాసు తీసుకొని వెళ్లిపోయేది. మేలు చేస్తున్నాననే అనుకున్నాను. సిగ్గులేని బతుకు.

ఈసారి ఫాల్గుణంలో పోయాను. మిట్టమధ్యాహ్నం. గాలి లేదు, ఆకు కదలడం లేదు. నలభై బర్రెలున్న కొట్టంలో ఒక్కటీ అరవడం లేదు, అన్నీ తలలెత్తి మిషన్ వైపే చూస్తున్నాయి. ట్రాలీలో చొప్ప ఎండుతోంది. మిషన్‌కు చొప్ప అందించే తిరుమల ఆ రోజు రాలేదు.

"సుక్కమ్మను పెట్టుకో," అన్నది శ్యామలమ్మ.

"ఆమె వద్దమ్మా. ఇంకెవరన్న..."

"ఇంకెవరున్నరు? నువ్వుంటే ఫికర్ ఏముంది ఖాసీం? పేర్లు పిలుస్తవ్ గదా!"

సుక్కమ్మ కొంగు బిగించి దోపుకొని మిషన్ పక్కన నిలబడింది. నేను ఇంజిన్ స్టార్ట్ చేశాను.

"బాలేష్!"

"ఉన్న," అన్నాడు గుంత మీద గొట్టం పట్టుకున్న బాలేష్.

"మైసమ్మా!"

"ఉన్న," అన్నది ట్రాలీ దగ్గర మైసమ్మ.

ఆ ఇంటి మనిషిని ఆ షాఫ్ట్ పక్కన నిలబెట్టి పిలవాల్సి వస్తుందని ఎన్నడూ అనుకోలేదు.

"సుక్కమ్మా!"

ఆమె "ఉన్న" అనలేదు. చేతిలో మోపు కింద పెట్టి, ట్రాక్టర్ దగ్గరికి వచ్చి, మడ్‌గార్డు మీద అరచెయ్యి ఆనించి నిలబడింది.

"నన్ను పిలుస్తున్నవ్ గదా అన్నా. జవాబిచ్చేముందు నాకు ఒక్కసారి చెప్పు. ఆనాడు ఆయన ఏమన్నడు?"

"గిప్పుడెందుకు చెల్లె? చొప్ప ఎండుతున్నది."

"గిప్పుడే చెప్పు."

"ఎయ్యాల్నా అని పిలిచిన. 'అవ్ ఖాసీం, ఎయ్యి' అన్నడు. నవ్వుకుంట..."

టక్, టక్.

నా పాదం ఉలిక్కిపడింది. అదే క్షణంలో మడ్‌గార్డు మీద ఆమె చెయ్యి కూడా ఎగిరిపడింది. నేను చూశాను. ఇద్దరం వెనక్కి తిరిగాం. షాఫ్ట్ దగ్గర ఎవరూ లేరు. పసుపుపచ్చ గార్డు ఎండలో మెరుస్తోంది, గొలుసు కదలకుండా వేలాడుతోంది.

ఆమె చెయ్యి తీసెయ్యలేదు. ఈసారి రెండు చేతులూ ఆనించింది.

"మళ్ల చెప్పు," అన్నది.

"అవ్ ఖాసీం, ఎయ్యి... అన్నడు."

టక్, టక్. ఇంత గట్టిగా ఎప్పుడూ తగలలేదు. మోకాలి దాకా వచ్చింది.

సుక్కమ్మ చాలాసేపు షాఫ్ట్ వైపే చూసింది. ఆమె మొహంలో భయం లేదు, అది చూస్తే నాకు ఇంకా భయమేసింది.

"ఆయనకు గొంతు లేకుండె అన్నా," అన్నది. "మక్క దుమ్ము పోయి మొత్తం బిగిసింది. మూడు రోజులు ఒక్క మాట రాలే. నీకు ఫోన్ చేద్దామంటే ఎట్ల మాట్లాడతడు? నాలుగో రోజు వద్దంటే ఇనకుండ లేచి వచ్చిండు, ఖాసీం ఒక్కడైతడు అని సైగ చేసి చూపిచ్చిండు. గొంతుకు వేడి ఉప్పు మూట పెట్టి తువ్వాల చుట్టింది నేనే. గా మూడు రోజులు ఇంట్ల మేము ఎట్ల మాట్లాడుకున్నమో తెల్సా? గిన్నె మీద చెంచతోని కొట్టేటోడు. ఒకటి కొడితే అవ్. రెండు కొడితే వద్దు."

పదేళ్ల దోస్తు గొంతు పోయి వస్తే నేను పొగరనుకున్నాను. వాడు వద్దు అని కొడితే పిన్ను అనుకున్నాను. పేర్లు పిలవడం మొదలుపెట్టినప్పటి నుంచీ ప్రతి పనిరోజూ వాడు వద్దంటూనే ఉన్నాడు, నేను విని మరీ లివర్ వేశాను.

"నీకు ముందే తెల్సు," అన్నాను. "మరి ఎన్నడూ అనలేదేంది?"

"నాల్గేండ్ల సంది అడుగుతనే ఉన్న గదన్నా. ఒక్కసారన్న నిజం చెప్తవేమో అని. అడిగినప్పుడల్ల నువ్వు ఇంకో ముక్క కలిపినవ్. నేను చెప్తే ఎవరు ఇంటరు? తువ్వాల కట్టినదాన్ని. నాక్కూడ నా చేతులే కనవడుతుండె. ఉరి నేనే కట్టిననేమో అనే బతుకుతున్న."

ఇంజిన్ ఆపేశాను. ఆ నిశ్శబ్దంలో బాలేష్ గుంత మీద నుంచి "ఏమైందన్నా?" అని అరిచాడు. మైసమ్మ దగ్గరికి వచ్చింది. శ్యామలమ్మ కొట్టం గుమ్మంలో నిలబడింది. నేను సీటు మీద నుంచి దిగాను. ఇంకొక్క క్షణం ఆగితే మళ్లీ అబద్ధమే నోటికి వస్తుందని తెలుసు, అందుకే అందరికీ వినబడేటట్టు గట్టిగా చెప్పాను.

"నేను పిలవలే. నారయ్య ఏం అనలే. కోపం మీద ఉండి మాట్లాడలే, ఎనక్కి తిరిగి సూడలే. ఆయన వద్దని కొట్టిండు, నేను ఏసిన. తువ్వాలది తప్పు గాదు. సుక్కమ్మది గాదు. నాది."

ఇంజిన్ ఆగి ఉంది. ట్రాక్టర్‌ను ఎవరూ తాకి లేరు, షాఫ్ట్ దగ్గర మనిషి నీడ కూడా లేదు. గార్డు లోపల, కొత్త ఇనుము మీద, టక్ అని ఒక్క దెబ్బ వినిపించింది. కాలికి కాదు, చెవులకు. మైసమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. గుంత మీద బాలేష్ గొట్టం వదిలేశాడు. రెండో దెబ్బ కోసం నేను ఎదురుచూశాను. అది రాలేదు.

"గీ మాట ఊర్ల చెప్పాలె అన్నా," అన్నది సుక్కమ్మ. "నన్ను అన్నోళ్ల ముంగట నిలవడి చెప్పాలె."

"చెప్త. పా."

ఆమె నా మాటకు తల ఊపి, షాఫ్ట్ వైపు తిరిగింది. పొయ్యి దగ్గర కూర్చొని మొగుణ్ని పిలిచే గొంతుతో మెల్లగా అన్నది.

"అవ్ అన్నవ్, ఇన్న తియ్. ఇగ ఇంటికి పోదాం పా."

డెయిరీ నుంచి శేరిగూడకు పోయే బాట వెడల్పు లేదు, ఇద్దరు నడిస్తే నిండిపోతుంది. సుక్కమ్మ ఎడమ పక్కకు ఒదిగి, కుడి పక్కన చోటు వదిలి, మెల్లగా నడిచింది. మధ్యలో ఒకచోట ఆగి, ఎవరో చెప్పు సర్దుకుంటే ఆగినట్టు ఆగి, మళ్లీ కదిలింది. నేను వాళ్లిద్దరి వెనక, కొంచెం ఎడం ఇచ్చి నడిచాను.