కోటు జేబులోని బిస్కెట్టు

ఆ రోజు డాక్టరు గారి గదిలో ఉన్నవారం ఐదుగురం. బల్లకు ఆవల డాక్టరు గారు. ఈవల వరుసగా నేను, మా అక్కయ్య, మా అబ్బాయి. కుర్చీలు చాలక మా కోడలు తలుపు పక్కన నిలబడింది.

నాకు సీలియాక్ వ్యాధి అని తేలి ఏడాది దాటింది. గోధుమలోని గ్లూటెన్ నా పేగులను దెబ్బతీస్తుంది. రవ్వంతయినా లోనికి పోరాదు. అందుకని కోడలు నాకు వేరే జల్లెడ, వేరే పెనం, వేరే గరిటెలు పెట్టి, వాటికి ఎర్రదారాలు కట్టింది.

రక్తపరీక్ష కాగితం చూసి డాక్టరు గారు కళ్ళజోడు తీశారు. "తగ్గాల్సింది పెరిగింది. గోధుమ ఎక్కడో కలుస్తోంది. వంట ఎవరు చేస్తారు?"

అక్కయ్య వెనక్కి తిరిగింది. "దారాలు కట్టగానే సరిపోయిందా అమ్మాయ్? రేపట్నుంచి వీడి వంట నేను చూస్తాలే. నువ్వు ఆ దారంతో బొంతలు కుట్టుకో."

అబ్బాయి నేలచూపులు చూశాడు. నోరు విప్పవలసినవాణ్ణి నేను. విశ్రాంత ఉద్యోగుల సంఘానికి అధ్యక్షుణ్ణి; ప్రతి గురువారం బిస్కెట్ల పళ్ళెం మొదట నా ముందుకే వస్తుంది. ఒకప్పుడు నా ఎదుట కూర్చోవడానికి జంకినవారితో "నాకిది పడదు" అనడం నామోషీగా తోచి, ఒకటి తినేవాణ్ణి. రెండోది జేబులో వేసుకునేవాణ్ణి. దానికి మర్యాద అనే సాకు కూడా లేదు.

"నా పొరపాటే అయ్యుంటుందండీ," అంది కోడలు. "జల్లెడ మార్చేస్తాను."

ఇంటికి వచ్చాక నా కోటు తెచ్చి ఇచ్చింది. "పోయిన వారమే జేబులు దులిపాను మామయ్యా. ఇందులో బియ్యప్పిండి బిస్కెట్లు పెట్టాను. పళ్ళెం వచ్చినప్పుడు ఇవి తినండి."

"అక్కడ ఎందుకు చెప్పలేదమ్మా?"

"పెద్దత్తయ్య గారి ముందా? బిస్కెట్టు కన్నా ఆవిడ మాటలే మీకు ఎక్కువ పడవు."

ఆమె నవ్వింది. నేను తలెత్తలేకపోయాను. అయినా నిజం చెప్పడానికి నాకు మూడు నెలలు పట్టింది. అన్నాళ్ళూ అక్కయ్యే వండింది. మధ్యాహ్నం ఆవిడ కునుకు తీసేటప్పుడు కోడలు తన వంటింట్లోకే దొంగలా దూరి నా బిస్కెట్లు చేసేది.

తరువాతి పరీక్షలో వ్యాధి తగ్గుముఖం పట్టింది. అదే గది, అదే వరుస.

"చూశారా, చేయి మారితే ఎంత తేడానో," అంది అక్కయ్య.

నేను లేచి, కోడలిని నా కుర్చీలో కూర్చోబెట్టి, జేబు సంగతి చెప్పాను.

నా తప్పును తనదిగా ఒప్పుకొని, తన వంటింటికే పరాయిదై, నా ఆరోగ్యాన్నీ పరువునూ కాపాడినది మా కోడలేనని, ఆనాడు ఆ నలుగురి ఎదుట పలికిన మాటను ఇక్కడ లిఖితపూర్వకంగా ధ్రువీకరిస్తున్నాను.