ఓస్బీగారి కునుకు

ఆర్డిస్ బొటనవేలు తడి చేసుకుని, మెల్విన్ ఓస్బీ ముక్కు పక్కనున్న గీతను మరోసారి సర్దింది. చక్కెర ముద్ద చల్లగా ఉన్నంతసేపూ మాట వినదు. వేడెక్కితే వేలికి అంటుకుని ఊడొస్తుంది. ఆ రెంటికీ మధ్య కాసేపు మాత్రం మనిషి చర్మంలా లొంగుతుంది. ముఖం దిద్దడమంతా ఆ కాసేపట్లోనే అయిపోవాలి.

తల వంటగది బల్ల మీద, పిండి డబ్బా పక్కన ఉంది. మిగతా మనిషి గ్యారేజీలో ఉన్నాడు. చెక్క పలకకు బిగించిన గొట్టం అతని వెన్నెముక. దాని చుట్టూ పేర్చి, జామ్ పూసి, చాకుతో చెక్కిన కేకు పొరలే ఒళ్లు. పైన గళ్ల చొక్కా, ప్యాంటు, మేజోళ్లు, అతను కూర్చున్న వాలుకుర్చీ కూడా తినేవే. చేతులు పొట్ట మీద పెట్టుకుని, తల కోసం నిదానంగా ఎదురు చూస్తున్నాడు. మార్చి వచ్చినా సరస్సు మీద మంచు కరగలేదు కాబట్టి గ్యారేజీకి వేరే ఫ్రిజ్ అక్కర్లేదు.

బడి వంటగదిలో పని పోయాక మొదలుపెట్టిన వ్యాపారం ఇది. మొదట ఎవరో ట్రాక్టరు కేకు అడిగారు. తరవాత ఇంకొంచెం పెద్ద ట్రాక్టరు అడిగారు. మనిషి ఆశకు అంతెక్కడ? సోఫా అంత చేప, దూడంత దూడ, లోపల కాలు పెట్టగలిగినంత బూటు, అన్నీ చేసింది. పెళ్లి కేకులు పట్నంలో ఎవరైనా చేస్తారు. సోఫా అంత చేప కావాలంటే మాత్రం ఆర్డిస్ వంటింటి తలుపే తట్టాలి. పదవీ విరమణలకూ పుట్టినరోజులకూ మనుషులనే చెయ్యమని అడగడం ఆఖర్న వచ్చింది.

మనిషి కేకు విషయంలో ఊళ్లో ఒక పద్ధతి దానంతటదే ఏర్పడింది. కాళ్ల దగ్గర మొదలుపెట్టి నవ్వుకుంటూ కోసుకుంటూ వస్తారు, మెడ దగ్గరికొచ్చి ఆగిపోతారు. ముఖం మీద చాకు పెట్టడానికి ఎవరికీ మనసొప్పదు. మర్నాడు పలకతోపాటు తల ఆర్డిస్ ఇంటికి తిరిగొస్తుంది. చెత్తబుట్టలో పడెయ్యడానికి ఆమెకూ చేతులు రావు. షెడ్డు వెనక మంచులో పెట్టి వస్తుంది. తెల్లారేసరికి జింకలు చేరి నాకుతుంటాయి. ముందు బుగ్గలు పోతాయి, తరవాత పెదాలు. కళ్లు పాకం కాచి గాజులా గట్టిగా పోసినవి కాబట్టి వాటి జోలికి పోవు. మంచు కరిగాక అవి గడ్డిలో అక్కడొకటి ఇక్కడొకటి, పైకి చూస్తూ దొరుకుతాయి.

ఈ తలకు కళ్లు పొయ్యలేదు. రెప్పలు మూసి ఉన్నాయి.

ఆర్డిస్ కళ్లు మూసిన మనిషిని చేసి చాలా ఏళ్లయింది. ఒకప్పుడు సొంత మొగుడినే చేసింది. క్లిఫర్డ్ డిపో ఉద్యోగం మానేసిన రోజున, పడవలో వెల్లకిలా పడుకుని నిద్రపోతున్నట్టు ఒక కేకు. అందరూ పగలబడి నవ్వారు. ఆ వారం తిరక్కుండా క్లిఫర్డ్ పోయాడు. తరవాత మంగలి హెర్మన్‌ను అతని కుర్చీలోనే కునికిపాట్లు పడుతున్నట్టు చేసింది. చలికాలం దాటకుండా అతనూ పోయాడు. ఊళ్లో ఎవరూ ఆ రెంటినీ ముడిపెట్టలేదు. ముడిపెట్టుకున్నది ఆర్డిస్ ఒక్కతే. అప్పట్నుంచి ఎవరు అడిగినా, ఎంత బతిమాలినా, కళ్లు తెరిచిన మనుషులనే చేసింది. ఎందుకని అడిగితే రెప్పలు కుదరవని అబద్ధమాడేది. ఒక్క మెల్విన్ దగ్గర మాత్రం నోరు జారింది, క్లిఫర్డ్ సమాధి మీద గడ్డి పీకుతూ. మెల్విన్ క్లిఫర్డ్‌తో కలిసి మంచుకు చిల్లు పెట్టి చేపలు పట్టినవాడు, ఆమెకు పెద్ద దిక్కు.

ఆ మెల్వినే పోయిన వారం ఫోన్ చేశాడు.

"అమ్మాయ్, ఆ పిచ్చి ఇంకా వదల్లేదా నిన్ను?" అన్నాడు పలకరింపు కూడా లేకుండా.

"ఏ పిచ్చి మెల్విన్‌గారూ?"

"తెలీనట్టు మాట్లాడకు. క్లిఫర్డ్ గుండె జబ్బుతో పోయాడు, నీ కేకుతో కాదు. హెర్మన్ గాడు చుట్టలు పీల్చి పీల్చి పోయాడు. వచ్చే శనివారం నాకు తొంభై. నన్ను నిద్రపోతున్నట్టు చెయ్యి. ఏ పార్టీకెళ్లినా నేను చేసేది అదేగా! దాని పక్కనే నేనూ ఓ కునుకు తీస్తా. లేచి, అందరి ముందూ నా చెవి నేనే కోసుకు తింటా. సరేనా?"

"వద్దండీ. మిమ్మల్ని కూడా..."

"నన్ను కూడా ఏంటి? చెప్పు, పూర్తిగా చెప్పు."

తొంభయ్యేళ్ల ప్రాణం మీద పందెం కాయడమంటే గాలిలో దీపం పెట్టడమేనని ఆమెకు తెలియక కాదు. కానీ తన చేతుల మీద తనే వేసుకున్న ఆ నిందను ఎవరైనా వచ్చి దించితే బాగుండునని ఎన్నాళ్లుగానో ఉంది. సరేనంది.

మధ్యాహ్నానికి తల మెడ మీద కూర్చుంది. పక్కింటివాళ్లు వచ్చి తోపుడుబండి మీద మనిషిని వ్యాన్‌లోకి ఎక్కించారు. ఆర్డిస్ అతనికి బెల్టు కట్టి, క్లిఫర్డ్ పాత కోటు తొడుక్కుని, హీటర్ వెయ్యకుండా బయల్దేరింది. వ్యాన్ వెచ్చబడితే ముందు జారేది ముక్కే. రోడ్డు మలుపులో ఉత్తరాలు పంచే అమ్మాయి వెనక కూర్చున్న పెద్దాయనకు చెయ్యి ఊపింది. ఆర్డిస్ నవ్వబోయి ఆగిపోయింది. గుంట వచ్చినప్పుడల్లా అద్దంలో ఆ తల, ఎవరో ఏదో అడిగితే ఒప్పుకుంటున్నట్టు, కిందికీ పైకీ ఊగుతోంది. కాసేపటికి ఆమె అద్దం పక్కకు తిప్పేసింది.

ఓస్బీల ఇల్లు జనంతో, కాఫీ వాసనతో, పొయ్యి వేడితో ఉక్కగా ఉంది. కేకు మెల్విన్‌ను హాల్లో అసలు మెల్విన్ కుర్చీ పక్కనే దింపారు. అదే గళ్ల చొక్కా, అవే మేజోళ్లు. పెద్దాయన కూతురు బెవర్లీ కెవ్వున నవ్వింది.

"ఓరి దేవుడా! నాన్నా, నీకంటే ఇతనే నయం. గురక పెట్టట్లేదు."

"గురక కూడా పెట్టమంటే ఆర్డిస్ ఎక్కువ డబ్బు అడిగేదే," అన్నాడు మెల్విన్. తరవాత ఆ మూసిన రెప్పలకేసి చాలాసేపు చూశాడు. "బాగా చేశావమ్మా. ఇంత ప్రశాంతంగా నేనెప్పుడూ పడుకోలేదు."

"ఒకసారి నాకేసి చూడండి," అంది ఆర్డిస్. ఎందుకో ఆయన కళ్లు చూడాలనిపించింది. నీలం, కొంచెం నీరు పట్టిన కళ్లు. ఆయన చూశాడు, ఒక కన్ను కొట్టాడు. కుర్చీ వెనక్కి వాల్చి, చెవి మిషన్ తీసి ఆమె చేతిలో పెట్టాడు.

"ఈ గోలలో నిద్రెక్కడ పడుతుంది? దగ్గరుంచు. లేచాక అడుగుతా."

మామూలుగా ఆర్డిస్ కేకు కోసేదాకా ఉండదు. ఈ రోజు ఉంది. ఆయన లేచేదాకా కదలకూడదనుకుంది. ఎదురుగా బల్ల మీద కూర్చుని, కాఫీ పట్టుకుని, తాగకుండా చూస్తూ ఉంది.

మెల్విన్ చేతులు పొట్ట మీద పెట్టుకుని పడుకున్నాడు, అచ్చం కేకులోలాగే. ఇక ఫొటోల సంబరం మొదలైంది. మనవలు ఇద్దరి మధ్యా దూరి, ఏది తాతో చెప్పుకోండంటూ పోటీ పెట్టారు. బెవర్లీ తండ్రి భుజం మీద తల ఆనించి ఒక ఫొటో, కేకు భుజం మీద ఆనించినట్టు నటిస్తూ ఒక ఫొటో తీయించుకుంది. ఎవరో కాగితం టోపీ తెచ్చి ఆయన తల మీద పెట్టారు. ఆయన కదల్లేదు. "నటనలో మొనగాడు మా మామయ్య," అన్నారు ఎవరో. అందరూ మళ్లీ నవ్వారు. తరవాత చాకు తెచ్చి కేకు కాళ్ల దగ్గర మొదలుపెట్టారు. మేజోళ్లు పంచారు. మోకాళ్ల దాకా వచ్చారు.

వేడికి చక్కెర చెమ్మగిల్లడం మామూలే. ముందు నుదురు మెరిసింది, తరవాత పై పెదవి మీద సన్నటి చుక్కలు నిలిచాయి. బుగ్గల్లోకి ఎరుపు దిగింది. కేకు మెల్విన్‌కు చెమట పడుతోంది. ఆర్డిస్ ఆ ముఖం మీంచి పక్క ముఖం మీదికి చూపు తిప్పింది. అక్కడ చెమట లేదు. ఆ చర్మం అప్పుడే తెరిచిన చక్కెర ముద్దలా తెల్లగా, పొడిగా ఉంది. రెంటిలో బతికున్నది ఏదని ఇప్పుడు బయటివాళ్లెవరినైనా అడిగితే తను చేసినదాన్నే చూపిస్తారు.

లేచి వెళ్లి ఆయన చెంప మీద చెయ్యి పెట్టింది. చుట్టూ ఇంకా నవ్వుతున్నారు. పిల్లలు తొడ ముక్క కోసం కొట్టుకుంటున్నారు. "మెల్విన్‌గారూ," అంది మెల్లగా. చెవి మిషన్ లేనివాడికి అది వినబడదని గుర్తొచ్చి, గట్టిగా అంది. "మెల్విన్‌గారూ, లెమ్మన్నానా! లేచి చూపిస్తానన్నారుగా!"

హాలంతా చప్పున ఆగిపోయింది. బెవర్లీ ప్లేటు పట్టుకునే దగ్గరికొచ్చింది, నవ్వు ఇంకా మూతి మీదే ఉంది. తండ్రి చెయ్యి ఎత్తి చూసింది. వదిలేసింది. అది మళ్లీ పొట్ట మీదే పడింది.

"మనం ఫొటోలు తీసుకుంటున్నప్పుడు..." అని మొదలుపెట్టి, ప్లేటు కింద పెట్టేసింది. ఆర్డిస్ వైపు తిరిగింది. "నువ్వేడవకు. నిద్రలో పోయాడు. అంత మంచి చావు ఎవరికొస్తుంది?"

ఆర్డిస్ తల ఊపింది. నమ్మాలనుకుంది. ఈ చేతులు ఏం చేశాయో అడగడానికి ఆయనొక్కడే ఉండేవాడు, ఇప్పుడు ఆయనా లేడు.

చీకటి పడకముందే అంత్యక్రియలు చూసేవాళ్లు వచ్చి ఆయన్ను తీసుకెళ్లారు. తలుపు సందు చాలక కేకు మెల్విన్‌ను గోడకు జరపాల్సి వచ్చింది. మోకాళ్ల దాకా లేని ఆ మనిషి కుర్చీలో అలాగే చెమటలు కక్కుతూ నిద్రపోతున్నాడు. దాన్ని ఏం చెయ్యమంటావని ఎవరూ ఆర్డిస్‌ను అడగలేదు, ఆమె చెప్పనూ లేదు. కోటు తొడుక్కుని బయటికొచ్చి వ్యాన్‌లో కూర్చుంది. ఇంజను స్టార్టు చెయ్యలేదు. అప్పుడు తెలిసింది, ఇంతసేపూ ఎడమ చెయ్యి గుప్పిట బిగించే ఉందని, అందులోంచి సన్నటి ఈల ఒకటి వినబడుతోందని.

గుప్పిట తెరిచింది. ఈల ఆగింది. అరచేతిలో చెవి మిషన్ ఉంది, దాని కొసన ఆయన చెవి ఆకారంలోనే పోసిన చిన్న అచ్చు. మూసింది. మళ్లీ కూసింది, చెవిలోంచి తీసిన మిషన్‌ను దేనితోనైనా కప్పేస్తే అంతే. దాని నోరు ఎలా ఆపాలో ఆమెకు తెలుసు, చిన్న మూత లాగి బ్యాటరీ తీస్తే చాలు. తియ్యలేదు. వెలుతురు పోతున్న ఆ చల్లటి వ్యాన్‌లో, మూసిన ఆమె గుప్పిట్లో, మెల్విన్ ఓస్బీ చెవి మిషన్ సన్నగా, ఆగకుండా ఈల వేస్తూనే ఉంది.