ముందే నిండిపోయే సెల్

రిమోట్‌లోంచి బ్యాటరీలు మళ్ళీ మాయమయ్యాయి. ఎవరి పనో ఇల్లాలికి వేరే చెప్పనక్కర్లేదు.

"ఒకటి కొత్తది, ఒకటి పాతది వేశావు. అవి రెండూ కలిసి కాపురం చెయ్యవు," అన్నాడు ఇంజనీరు మొగుడు, వాటికి మీటరు ఆనించి చూస్తూ.

"మన కాపురం జరగట్లేదూ? నా సీరియల్ అయిపోతోంది, ఇటివ్వండి!"

అతని ఉద్యోగమే అది. ఉపగ్రహంలో పెట్టే బ్యాటరీకి ఒకే తీరుగా నిండి, ఒకే తీరుగా ఖాళీ అయ్యే సెల్‌లు ఏరి, ఎనిమిదేసి జత కట్టాలి. పైకి వెళ్ళాక మార్చడానికి నిచ్చెన వేసుకుని ఎవరూ ఎక్కలేరు కదా. ఈసారి ఎనిమిదిలో ఒకటి మిగతావాటికంటే ముందే నిండిపోతోంది. "చురుకైనదయ్యా, ఉండనీ," అంటున్నాడు పై అధికారి. దాన్ని తీసేస్తే పరీక్షలన్నీ మళ్ళీ మొదటికి వస్తాయి. సెలవు రద్దు. ఆమె ఏళ్ళ తరబడి అడుగుతున్న, సముద్రం చూసొచ్చే ప్రయాణం హుళక్కి.

"ముందు నిండితే మంచిదేగా? సంతకం పెట్టెయ్యండి," అందామె. పెట్టె సగం సర్దేసింది మరి.

భోజనాల దగ్గర మావయ్యగారు అలవాటు ప్రకారం అందరికంటే ముందు తినేసి చెయ్యి కడుక్కున్నారు.

"అమ్మాయ్, రైల్లోకి బన్నులు సర్దావా? పోయినసారిలా అవకూడదు."

పోయినసారి ఆయన ముందే తిని, ముందే ఆకలేసి, ఊరూ పేరూ తెలియని స్టేషన్లో బన్ను కోసం దిగారు. ఆయన్ని వదల్లేక పెట్టెబేడాతో ఇంటిల్లిపాదీ దిగింది. రైలు మాత్రం ఆగలేదు.

ఆమె చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

"ఏమండీ, ఆ సెల్ ఖాళీ అయ్యేది కూడా ముందేనా?"

"ముందే. దాన్లో పట్టేదే తక్కువ. అది చతికిలబడితే మిగతా ఏడింటికీ ప్రాణం మీదికొస్తుంది."

"ఈ ముక్క మీ అధికారికి మీ నాన్నగారిని చూపించి చెప్పలేకపోయారా?"

"మధ్యలో నేనేం చేశానే?" అన్నారు మావయ్యగారు.

ఆమె గదిలో నోరు తెరుచుకునున్న పెట్టె వైపు ఒకసారి చూసి, ముద్ద మింగింది.

"అందరూ వినండి. రేపు ఈయన ఆ సెల్ తీయించేస్తారు. ప్రయాణం వాయిదా. వచ్చేటప్పుడు రిమోట్‌కి ఒకే తీరువి రెండు బ్యాటరీలు తెస్తారు."

"మంచిది," అన్నారు మావయ్యగారు. "అయితే ఆ బన్నులు ఇటు పట్రా."