టేపుకు వినపడని గొంతు

గుంతకల్లు రైల్వే కాలనీలో పెళ్లి వీడియో అంటే షఫీవుల్లానే పిలిచేవారు. పన్నెండేళ్లుగా అదే పని. పెళ్లి క్యాసెట్‌కు తర్వాత పాటలు ఎక్కించేవాడు కాబట్టి, కెమెరాలో శబ్దం ఎలా పడుతోందో ఏనాడూ పట్టించుకోలేదు.

2003 వేసవిలో అనంతపురంలోని ఒక స్వచ్ఛంద సంస్థలో పనిచేసే ప్రసూన అతనికి వేరే రకం పని అప్పగించింది. యాభై ఏళ్ల కిందటి కరువును చూసిన ముసలివాళ్ల మాటలు వాళ్ల నోటితోనే రికార్డు చేయాలి. మాట పడుతోందో లేదో వింటూ ఉండమని ఆమె మరీమరీ చెప్పింది. షఫీవుల్లా బట్టలకు తగిలించే చిన్న మైకు ఒకటి కొన్నాడు. ఇంట్లో వాక్‌మన్‌తో వచ్చిన స్పాంజి హెడ్‌ఫోన్లు సంచిలో వేసుకుని, గార్లదిన్నె దగ్గర పల్లెలో ఉండే మారెక్క ఇంటికి పోయాడు.

మారెక్క రెండు గంటలు మాట్లాడింది. బలుసాకు ఉడకబెట్టుకు తిన్నది, గంజి కేంద్రానికి నడిచింది, అన్నీ చెప్పింది. చివరికి గొంతు తగ్గించి, పాలు చాలని తన పసి ఆడపిల్లను దారిలో బిడ్డల్లేని దంపతుల చేతిలో పెట్టి వచ్చిన సంగతి చెప్పింది. షఫీవుల్లా చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని, కళ్లు తుడుచుకుంటూ చిత్రీకరించాడు.

ఇంటికొచ్చి క్యాసెట్ పెడితే మారెక్క నోరు కదులుతోంది, చేతులు తిరుగుతున్నాయి. మాట లేదు. సన్నటి బుస తప్ప ఏమీ లేదు.

"నా చెవులతో ఇన్నా షాహిదా. ఒక్క మాట పోకుండా ఇన్నా. మరి ఇందులో ఎందుకు లేదు?" అని భార్యను అడిగాడు.

కెమెరాలో టేపు ఆనే హెడ్డు తుడిచాడు. వేరే క్యాసెట్ వేశాడు. మైకు తీసేస్తే శబ్దం బాగానే పడుతోంది. మైకు పెడితే ఒకసారి పడుతుంది, ఒకసారి పడదు. తెలిసినవాళ్లను అడిగితే ఒకరు మైకు మార్చమన్నారు, ఒకరు హెడ్‌ఫోన్లు మార్చమన్నారు. బాగా వినిపించినవాటిని ఎందుకు మార్చాలో అతనికి అర్థం కాలేదు.

మరుసటి రోజు మొగుడూ పెళ్లాం కెమెరా, మైకు తీసుకుని అనంతపురంలో మైకులు, హెడ్‌ఫోన్లు అమ్మే వెంకటేశులు అంగడికి పోయారు. వెంకటేశులు స్పాంజివి ఒక జత, చెవిని పూర్తిగా మూసే పెద్దవి ఒక జత బల్ల మీద పెట్టాడు. షఫీవుల్లా మైకును అతని చొక్కాకే తగిలించి మాట్లాడమన్నాడు. కెమెరాకు తగిలించిన స్పాంజివాటిలో గొంతు చక్కగా వినిపించింది. పెద్దవి పెట్టుకుంటే ఏమీ లేదు.

"ఇవి చెడిపోయినాయన్నా," అన్నాడు.

వెంకటేశులు ఇంకో కొత్త పెట్టె విప్పాడు. అదీ అంతే. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అయితే స్పాంజివే మంచివా? మంచివైతే క్యాసెట్ మూగదెందుకయింది? షఫీవుల్లా స్టూలు మీద కూలబడ్డాడు.

షాహిదా స్పాంజివి తన చెవులకు పెట్టుకుంది. వెంకటేశులును మాట్లాడమని, వాటి వైరును కెమెరాలోంచి ఊడదీసి చేత్తో పట్టుకుంది.

"ఇప్పుడు కూడా ఇనపడతాండాది," అంది. "ఆయప్ప ఎదురుగా మాట్లాడతాంటే వైరెందుకు?"

షఫీవుల్లాకు అది బుర్రకెక్కడానికి కొంతసేపు పట్టింది. మారెక్క గొంతు గాలిలోంచి స్పాంజి దాటి అతని చెవికి చేరింది. కెమెరాకు చేరనే లేదు. వెంకటేశులు మైకు పిన్ను పట్టుకుని కెమెరా లోపలికి గట్టిగా నొక్కాడు. అది సగమే దిగి ఉంది. అప్పుడు పెద్ద హెడ్‌ఫోన్లలో అతని గొంతు నిండుగా పలికింది. షఫీవుల్లా అవే తీసుకున్నాడు.

మళ్లీ మారెక్క దగ్గరికి పోయి జరిగింది దాచకుండా చెప్పాడు. ఆమె నమ్మలేదు.

"అంతా చెప్తిని కదప్పా. నువ్వు తల కూడా ఊపితివి."

"నాకు ఇనపడింది అవ్వా. టేపుకే ఇనపడలేదు."

ఆమె మళ్లీ సర్దుకుని కూర్చుంది. తర్వాత కొంగుకు మైకు తగిలించనిచ్చింది. ఈసారి ఆమె ఊపిరితో సహా వినిపించింది. బలుసాకు వచ్చింది. గంజి కేంద్రం వచ్చింది. అక్కడి నుంచి తిరిగి ఇల్లు చేరడం వచ్చింది. బిడ్డ రాలేదు. షఫీవుల్లా హెడ్‌ఫోన్లు చెవులకు అదుముకుని ఎదురుచూశాడు. పిన్ను తడిమి చూశాడు, గట్టిగానే ఉంది.

"అవ్వా, ఆ పాపది..." అని ఆగిపోయాడు.

"ఏ పాప?" అంది మారెక్క, అతన్నే చూస్తూ.

మరిచిందో, చెప్పదలచుకోలేదో, తానే మరోలా విన్నాడో అతనికి తేలలేదు. కెమెరా ఆపేశాడు.

ప్రసూన క్యాసెట్ మొత్తం చూసి మాట చాలా స్పష్టంగా ఉందని మెచ్చుకుంది. మొదటిసారి చెప్పినవన్నీ వచ్చాయా అని అడిగింది. షఫీవుల్లా తల అడ్డంగా ఊపబోయి, నిలువుగా ఊపాడు. గుంతకల్లు బస్సులో షాహిదా పక్కన కూర్చున్నాక, ఆమెకు మాత్రం ఉన్నదున్నట్టు చెప్పాడు.